ప్రశ్న అడిగే మనిషికి కూడా ప్రొటోకాల్‌లో చోటివ్వండి

పిల్లల మానసిక ఆరోగ్యం మీద ట్రయల్స్ నడిపే ప్రధాన పరిశోధకులకు, వాటికి నిధులిచ్చే సంస్థలకు, అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను ఒక ట్రయల్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌ని. పిల్లల్లో భయం, దిగులు తగ్గించడానికి తయారుచేసిన ఒక మాటల చికిత్స నిజంగా పనిచేస్తుందా లేదా అని తేల్చే ట్రయల్ అది. చికిత్స చేసేది వేరేవాళ్ళు. నా పని కొలవడం. పిల్లలు చేరినప్పుడు ఒకసారి, చికిత్స గడువు ముగిశాక ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి, ఇలా ఒక్కొక్కరితో నాలుగుసార్లు కూర్చుని ప్రశ్నావళులు నింపిస్తాను. వచ్చే నెలాఖరుకి నా కాంట్రాక్ట్ అయిపోతుంది. నా జాబితాలో ఇంకా పదకొండు మంది పిల్లలకు ఏడాది కొలత మిగిలే ఉంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ పదకొండు మందే.

ముందే ఒక మాట చెప్తాను. ట్రయల్స్ మీద నాకు కోపం లేదు. పది నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్ళకి ఏది పనిచేస్తుందో ఊహించి చెప్పడం కంటే సరిగ్గా కొలిచి చెప్పడమే న్యాయం. ఆ నమ్మకంతోనే ఈ ఉద్యోగంలోకి వచ్చాను, ఇప్పటికీ ఆ నమ్మకం అలాగే ఉంది. కానీ ఆ కొలత పుట్టే గదిని మీలో చాలామంది చూడలేదు. దాని గురించే చెప్పాలి.

మేము వాడే ప్రశ్నావళుల్లో ఒకటి మీకందరికీ బాగా తెలిసిందే. 1997లో బ్రిటన్ పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ ప్రచురించిన ఎస్‌డీక్యూ, అంటే పిల్లల బలాలు, కష్టాల ప్రశ్నావళి. 25 వాక్యాలు, ఒక్కోదానికి మూడు గడులు: నిజం కాదు, కొంతవరకు నిజం, కచ్చితంగా నిజం. అందులో 20 వాక్యాల మార్కులు కలిపితే 40కి ఇన్ని అని పిల్లవాడి కష్టాల స్కోరు వస్తుంది. మిగతా ఐదు వాక్యాలు ఎదుటివాళ్ళతో మంచిగా ఉండడం గురించి, అవి ఈ మొత్తంలో కలవవు. మీ దగ్గరికి చేరేది ఆ స్కోరు.

పదకొండేళ్ళ కుర్రాడొకడు స్నేహితుల గురించి అడిగే వాక్యం దగ్గర ఆగిపోయాడు. పెన్సిల్ వెనక చివరని పెదవికి ఆనించి చాలాసేపు ఆలోచించాడు. "అక్కా, వాడు స్కూల్ మారిపోయాడు. వాణ్ణి లెక్కేసుకోవచ్చా?" అని అడిగాడు. నేను సమాధానం చెప్పకూడదు. వాక్యాన్ని మళ్ళీ చదివి వినిపించొచ్చు, అంతే. "నీకు ఏది నిజమనిపిస్తే అది పెట్టు నాన్నా" అన్నాను. కచ్చితంగా నిజం అన్న గడిలో టిక్కు పెట్టాడు. కాసేపటికి దాన్ని రబ్బరుతో చెరిపి మధ్య గడిలో పెట్టాడు. కాగితం అంచున చిన్న అక్షరాలతో "ఆదివారాలు మాత్రమే" అని రాశాడు.

డేటాబేస్‌లో ఆ మధ్య గడి టిక్కు 1 అన్న అంకె. అంచున రాసినదానికి అక్కడ చోటు లేదు.

ఇలాంటివన్నీ వందల మంది పిల్లల లెక్కలో సర్దుకుంటాయని గణాంక నిపుణులు చెప్తారు. నిజమే అనుకుంటాను. నా బాధ ఆ అంకె గురించి కాదు. ఆ కుర్రాడు ఆలోచించుకునే ఆ రెండు నిమిషాలు నేను గడియారం చూడకుండా కూర్చోగలిగానా లేదా అన్నది అసలు విషయం. ఆ రోజు కూర్చోగలిగాను. మరో నెలలో టార్గెట్ వెనకబడిందని రోజుకి నలుగురిని పూర్తి చెయ్యమన్నప్పుడు కూర్చోలేకపోయాను. పిల్లలు ఇలాంటివి ఇట్టే పసిగడతారు. ఎదుటి మనిషి తొందరలో ఉందని తెలిస్తే మధ్య గడుల్లో పైనుంచి కిందకి వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోతారు. అలాంటి కాగితాలు నా చేతులతోనే డేటాలోకి ఎక్కించాను. వాటిని చూస్తే మీకు ఏ తేడా కనిపించదు, ఎందుకంటే ఒక్క గడి కూడా ఖాళీగా ఉండదు. మీ నెలవారీ రిపోర్టులో అవి "పూర్తయినవి" కిందకే వస్తాయి.

ఇంకొకటి బ్లైండింగ్. ఏ పిల్లకి కొత్త చికిత్స అందుతోందో, ఏ పిల్లకి మామూలుగా దొరికే సాయం మాత్రమే అందుతోందో కొలిచే మనిషికి తెలియకూడదు. తెలిస్తే, ఎంత నిజాయితీ ఉన్నా, కొత్త చికిత్స వైపు చెయ్యి కాస్త మొగ్గుతుంది. ఈ నియమం సరైనదే. నేను దాన్ని మనసారా ఒప్పుకుంటాను.

పదమూడేళ్ళ అమ్మాయి. మొదటిసారి వచ్చినప్పుడు చొక్కా చేతుల్ని వేళ్ళ మీదకి లాక్కుని, తల వంచుకుని, తలూపడంతోనే గంటన్నర గడిపింది. ఆరు నెలల కొలతకి వచ్చినప్పుడు తలుపు దగ్గర్నుంచే మాట్లాడుతూ వచ్చింది. "అక్కా, గుండె దడదడలాడినప్పుడు ఏం చెయ్యాలో నాకు నేర్పించారు తెలుసా, మొదట కాళ్ళు నేలకి ఇలా..." అంటూ చేసి చూపించబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "అది నాకు చెప్పకూడదమ్మా, గుర్తుందా, మొదట్లోనే అనుకున్నాం కదా" అన్నాను. ఆ పిల్ల మొహం మళ్ళీ మొదటి రోజు మొహం అయిపోయింది. చొక్కా చేతులు మళ్ళీ వేళ్ళ మీదకి వచ్చాయి. ఆ రోజు ఆమె నింపిన ప్రశ్నావళిలో ఎంత భాగం గత నెల రోజుల గురించి, ఎంత భాగం ఆ గత నిమిషం గురించి, నేను చెప్పలేను.

నియమం ప్రకారం అదే రోజు ఫారంలో బ్లైండింగ్ పోయిందని రాశాను. అందువల్ల ఆమె ఏడాది కొలత నా నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. నా మీద నమ్మకంతో చెప్పింది కాబట్టి నన్ను పోగొట్టుకుంది. అలా ఎందుకయిందో ఆమెకి చెప్పే వీలు కూడా నాకు లేకపోయింది.

బ్లైండింగ్ గురించి మాకిచ్చిన ట్రైనింగ్‌లో "కుటుంబానికి గుర్తు చెయ్యండి" అని ఒక్క వాక్యం ఉంది. సంతోషంగా చెప్పుకోబోయే పిల్లని ఏ మాటలతో ఆపాలో ఎవరూ సాధన చేయించలేదు. ఆ తర్వాత మా కోఆర్డినేటర్‌ని అడిగి ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ఏ పిల్ల ఏ వైపు ఉందో ఆవిడకి ఎలాగూ తెలుసు. కాబట్టి ప్రశ్నలు మొదలవకముందే పిల్లలు మొదట ఆవిడ దగ్గర పది నిమిషాలు కూర్చుంటారు. చెప్పాలనుకున్న కబుర్లన్నీ ఆవిడకి చెప్పేసి నా గదిలోకి వస్తారు. ఆ పది నిమిషాలు పెట్టాక నా గదిలో ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టాల్సిన అవసరం రాలేదు. ఈ పద్ధతి ప్రొటోకాల్‌లో, అంటే ట్రయల్ ఎలా నడవాలో ముందే రాసిపెట్టుకున్న పత్రంలో, లేదు. ఆవిడ మంచితనం వల్ల జరిగింది. ఆవిడ సెలవు పెడితే ఆగిపోతుంది. మీరు తర్వాత రాసే ప్రొటోకాల్‌లో ఆ పది నిమిషాలు దయచేసి రాయండి.

ఏ పిల్ల ఏ వైపో లాటరీలా తేల్చే రాండమైజేషన్ గురించి ఎక్కువ చెప్పను. కంప్యూటర్ ఏ వైపు వేస్తే ఆ వైపే. తల్లులు నన్ను పక్కకి పిలిచి "కాస్త మార్చలేరా మేడమ్" అని అడిగారు. చికిత్స వైపు రావడమే అదృష్టమని వాళ్ళ నమ్మకం. నేను మార్చలేను, నాకు తెలియదు కూడా. వాళ్ళకి నేను చెప్పే మాట ఒకటే: కొత్తది మంచిదని ముందే తెలిసి ఉంటే ఈ ట్రయల్ చేసేవాళ్ళమే కాదు. అది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. బ్రిటన్‌లో మిరియాడ్ ట్రయల్ 85 స్కూళ్ళలో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలను, అంటే మనసుని ఈ క్షణం మీద నిలపడం నేర్పే పాఠాలను, పరీక్షించింది. ఎంతోమంది ఎంతో ఆశ పెట్టుకున్న పద్ధతి అది. 2022లో ఫలితాలొచ్చాయి. స్కూళ్ళు మామూలుగా చెప్పే పాఠాల కంటే అది మెరుగని తేలలేదు. మరోవైపు యూరప్‌లో పది దేశాల్లో 168 స్కూళ్ళ పిల్లలతో చేసిన సేల్ ట్రయల్‌లో, పిల్లలే తమ సమస్యల్ని నటించి చర్చించుకునే కార్యక్రమం ఆత్మహత్యా ప్రయత్నాల్ని తగ్గించిందని 2015లో తేలింది. ముందే చూసి ఏది గెలుస్తుందో ఎవరు చెప్పగలరు? అందుకే కొలవాలి. అందుకే కొలిచే మనిషి గురించి ఇంత రాస్తున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన సంగతి చెప్తాను. దిగులు గురించిన ప్రశ్నావళిలో చావు ఆలోచనల గురించి అడిగే వాక్యాలు ఉంటాయి. గత రెండు వారాల్లో ఎలా ఉందో చెప్పాలి. అలా అడిగితే లేనిపోని ఆలోచనలు పుడతాయని తల్లిదండ్రులు భయపడతారు. పుట్టవని నేను ధైర్యంగా చెప్తాను, ఎందుకంటే అది కూడా కొలిచిన విషయమే. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్ళలో 2,342 మంది విద్యార్థులతో చేసిన ట్రయల్ 2005లో అచ్చయింది. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లల్లో, అడగని పిల్లలతో పోలిస్తే, బాధ గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. కాబట్టి అడగాలి. నా ప్రశ్న అది కాదు. అడిగాక జవాబు "అవును" అని వస్తే ఆ గదిలో ఏం జరుగుతుంది?

ఒక మధ్యాహ్నం పద్నాలుగేళ్ళ అబ్బాయి ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టి, కాగితాన్ని మెల్లగా నావైపు జరిపాడు. జరిపి నా మొహంలోకి చూశాడు. అప్పటిదాకా గంటసేపు బల్లనే చూస్తూ ఉన్న పిల్లాడు. నేను చూశానా లేదా అని చూస్తున్నాడు. "చూశాను. చెప్పినందుకు మంచి పని చేశావు" అన్నాను. మొదటి రోజు ఇచ్చిన మాట గుర్తు చేశాను: నువ్వు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి, కానీ నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నేను ఒక డాక్టర్‌కి చెప్పాలి. "అమ్మకి చెప్తారా?" అన్నాడు. "నీకు తెలియకుండా చెప్పను. నీ ముందే, నీతో కలిసే చెప్దాం" అన్నాను.

ప్రొటోకాల్ ప్రకారం డ్యూటీలో ఉన్న క్లినీషియన్‌కి ఫోన్ చెయ్యాలి. చేశాను. మోగి ఆగిపోయింది. రెండో నంబర్ స్విచాఫ్. మూడో నంబర్‌లో ఉన్నాయన ఇంకో పేషెంట్‌తో ఉన్నారు, తిరిగి చేస్తామన్నారు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు ఆ గదిలో నేనూ ఆ పిల్లాడూ ఉన్నాం. నాకు టెన్షన్‌తో అరచేతులు చల్లబడ్డాయి, అది అతనికి కనపడకూడదు. చికిత్స చెయ్యడం నా పని కాదు, చెయ్యకూడదు. వదిలేసి వెళ్ళకూడదు. ఏం మాట్లాడాలి? తెల్లకాగితం ఇచ్చాను. అతను గడులు గీశాడు. ఒక్కో గడిని చాలా శ్రద్ధగా పెన్సిల్‌తో నింపాడు. నేనూ నా కాగితం మీద గీసి నింపాను. మధ్యలో ఒకసారి "మీకు లేటవుతుందా?" అని అడిగాడు. అవదని చెప్పాను. నిజానికి బయట ఇంకో కుటుంబం ఎదురుచూస్తోంది.

ఫోన్ వచ్చింది. ఆ తర్వాత అన్నీ సవ్యంగా జరిగాయి. డాక్టర్ మాట్లాడారు, తల్లిని పిలిచారు, ఆ అబ్బాయి ముందే అందరం మాట్లాడుకున్నాం, ఇంట్లో ఎవరు తోడుండాలో, ఎప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసుకున్నారు, త్వరగా అపాయింట్‌మెంట్ ఇచ్చారు. ఆ పిల్లాడు ఇప్పుడు బాగున్నాడు. నేను పావుగంటలో తర్వాతి కుటుంబాన్ని లోపలికి పిలిచాను. సాయంత్రం కూర్చుని ఘటన ఫారం నింపాను. ఏ సమయానికి ఏం జరిగింది, ఎవరికి తెలియజేశాను, 24 గంటల్లోపు పైకి పంపానా. ఫారం బాగానే ఉంది. అందులో నలభై నిమిషాలు అని రాశాను. ఎవరూ ఆ నలభై గురించి నన్ను అడగలేదు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ గడులే కనిపించేవి.

ఇదే ట్రయల్‌లో చికిత్స చేసేవాళ్ళకి ప్రతి వారం గంటసేపు సూపర్‌విజన్ ఉంటుంది. సీనియర్ ఒకరి దగ్గర కూర్చుని ఆ వారం కేసులన్నీ చెప్పుకుంటారు. అది వాళ్ళ హక్కు, చికిత్స నాణ్యతకి అవసరం కూడా, అందుకే ప్రొటోకాల్‌లో రాశారు. మాకు లేదు. కారణం అడిగితే "మీరు చికిత్స వైపు కాదు కదా" అన్నారు. ఒక్క నిమిషం ఆలోచించండి. చికిత్స అందని వైపున్న పిల్లలకి మీ ట్రయల్ అంటే ఎవరు? వాళ్ళు ఏడాదిలో ఎక్కువసేపు కలిసి కూర్చునే ట్రయల్ మనిషి ఒక్కతే, ప్రశ్నలు అడిగే అసిస్టెంట్. వాళ్ళు మనసులో మాట చెప్తే వినేది నేనే. ఆ వినడం మీ అధ్యయనంలో చికిత్స కాకపోవచ్చు. ఆ పిల్లలకి మాత్రం ఆ రోజు దొరికిన చెవి అదొక్కటే.

గదిలో చెప్పిన మాట కాగితాల దారిలో ఏమవుతుందో కూడా మీకు గుర్తు చెయ్యాలి. స్టడీ 329 మీకు తెలుసు. టీనేజీ పిల్లల డిప్రెషన్‌కి పరాక్సిటిన్ మాత్ర మీద చేసిన ట్రయల్. 275 మంది పిల్లలు. 2001లో అచ్చయిన పేపర్ ఆ మందు బాగా పనిచేస్తుందనీ, పెద్దగా ఇబ్బంది లేదనీ చెప్పింది. 2015లో వేరే పరిశోధకులు అసలు కాగితాలు తిరగేసి మళ్ళీ లెక్కగట్టారు. మందు ఖాళీ మాత్ర కంటే మెరుగ్గా పనిచెయ్యలేదనీ, హాని ఎక్కువనీ తేలింది. పిల్లల ఆత్మహత్య ఆలోచనలూ ప్రయత్నాలూ కొన్నిటిని మొదటి లెక్కలో "భావోద్వేగాల ఊగిసలాట" అన్న అర్థం వచ్చే ఒక కోడ్ కింద, అంటే లెక్క కోసం పెట్టుకున్న ఒక వర్గం పేరు కింద, వేశారు. ఎక్కడో ఒక గదిలో ఒక పిల్లో పిల్లాడో తెగించి చెప్పిన మాట అలా ఒక మెత్తటి పదం కింద కప్పబడిపోయింది. చెప్పిన మాటకీ కోడ్‌కీ మధ్య దూరం పెరిగేకొద్దీ ఇలాంటిది జరిగే వీలు పెరుగుతుంది. విన్న మనిషిని కోడ్ వేసే సమావేశానికి పిలవండి. "ఆ పిల్లాడు ఏ మాట వాడాడు?" అని అడగండి. నేను ఇప్పటివరకు ఒక్క సమావేశంలోనూ ఆ ప్రశ్న వినలేదు. పేపర్‌లో పేరు కోసం అడుగుతున్నానని అనుకోవద్దు. ఆ గొడవ వేరే, ఈ ఉత్తరంలో దానికి చోటు లేదు.

ఇక కాంట్రాక్ట్ సంగతి. జీతం గురించి కాదు, డేటా గురించే చెప్తున్నాను, మీరు ఆ భాషలోనే వింటారు కాబట్టి. ఏడాది ఫాలోఅప్‌కి రాని పిల్లల వరసలు మీ ఫైల్‌లో ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీలు ఏ కారణంతోనూ సంబంధం లేకుండా పడ్డాయని అనుకుని కొన్ని లెక్కలు నడుస్తాయి. నాకు తెలుసు, అవి అలా పడలేదు. ఒక తల్లికి రాత్రి షిఫ్ట్, పగలు ఫోన్ చేస్తే ఎత్తదు, సాయంత్రం ఏడు దాటాక చేస్తే వెంటనే ఎత్తుతుంది. ఒక కుర్రాడికి తండ్రి ఫోన్ నుంచి మెసేజ్ వెళ్తే రాడు, నాన్నకి తెలియడం ఇష్టం లేదు. అమ్మ ఫోన్‌కి పంపాలి. ఒక అమ్మాయికి బాగా లేనప్పుడే ఫోన్ ఎత్తరు, అంటే ఏ కొలత మనకి అన్నిటికన్నా అవసరమో అదే జారిపోతుంది. నాలుగుసార్లు ఫోన్ చేసి జవాబు లేకపోతే వదిలెయ్యమని మా నియమం. నాలుగూ పగలే చేస్తే ఆ తల్లి "అందుబాటులో లేరు" అయిపోతుంది.

ఇవన్నీ నాకు రెండేళ్ళ పరిచయం మీద తెలిసినవి. పిల్లల్ని చేర్చుకోవడం ఆలస్యమైంది, అది చాలా ట్రయల్స్‌లో జరిగేదే. ఆలస్యమైతే ఫాలోఅప్‌లు కూడా వెనక్కి జరుగుతాయి. మా కాంట్రాక్టులు మాత్రం గ్రాంట్ మొదట్లో వేసిన తేదీకే ముగుస్తాయి. పదకొండు మంది పిల్లల దగ్గరికి మొదటి కొలతకి వెళ్ళిన మనిషి చివరి కొలతకి ఉండదు. కొత్త మనిషి వస్తుంది, మళ్ళీ మొదట్నుంచి పరిచయాలు. మనుషుల్ని నమ్మడమే కష్టమైన పిల్లలు వీళ్ళు, ఆ కష్టం ఉందనే మనం వాళ్ళని ఎంచుకున్నాం. నిధులిచ్చే సంస్థలకి నా విన్నపం ఇదే: అసిస్టెంట్ కాంట్రాక్ట్‌ని క్యాలెండర్ తేదీతో కాకుండా చివరి పిల్లవాడి చివరి కొలతతో ముడిపెట్టండి. చేర్చుకోవడం మూడు నెలలు ఆలస్యమైతే కాంట్రాక్ట్ కూడా మూడు నెలలు పొడిగించాలి. ఖర్చు పెరుగుతుంది, తెలుసు. సగంలో ఖాళీ అయిన ఫైల్ ఖర్చు అంతకంటే తక్కువేం కాదు.

ఎథిక్స్ కమిటీ పెద్దలకి ఒక మాట. పిల్లల అంగీకార పత్రంలో ప్రతి అక్షరాన్నీ మీరు తిరగేసి చూస్తారు. మా పత్రం మీరు మూడుసార్లు వెనక్కి పంపితే మూడుసార్లూ మెరుగైంది, నేను కళ్ళారా చూశాను. అదే శ్రద్ధతో ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ప్రమాదం ఉందని తేలినప్పుడు పిల్లవాడు గదిలో ఉండగానే ఎన్ని నిమిషాల్లో క్లినీషియన్ మాట్లాడతారు, ఆ ఫోన్‌ని మీరు ఎప్పుడైనా మోగించి చూశారా? నంబర్ల జాబితా జతచేశామంటే సరిపోదు. మా దగ్గరా జాబితా ఉంది. రెండోది, ఫలితాలు పిల్లలకి ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో చెప్తారు? మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలకి నైతిక సూత్రాలు చెప్పే హెల్సింకీ ప్రకటన 2013 సవరణలోనే అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళు కోరుకుంటే దాని ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని ఉంది. 2024 సవరణలో వాళ్ళని సూచించే పాత మాట తీసేసి "పాల్గొనేవాళ్ళు" అన్న మాట పెట్టారు. పాల్గొన్న మనిషికి ఆట ఎలా ముగిసిందో చెప్పకుండా ఇంటికి పంపడం ఎలా?

మొదటి కొలత రోజున ఒక తొమ్మిదేళ్ళ పాప, కాళ్ళు కుర్చీలోంచి నేలకి అందవు, ఊపుకుంటూ అడిగింది: "ఇది అయిపోయాక ఎవరు గెలిచారో మాకు చెప్తారా?" తను ఉన్న గుంపుకీ అవతలి గుంపుకీ పోటీ అనుకుంది. చెప్తామన్నాను. అప్పుడు నాకు తెలియదు, ఫలితాలు చెప్పే పనికి బడ్జెట్‌లో గానీ సమయంలో గానీ ఏమీ కేటాయించలేదని. పేపర్ అచ్చయ్యేసరికి ఆ పాపకి పదమూడేళ్ళు దాటొచ్చు. నేను ఇచ్చిన మాట ఇంకా నా మీదే ఉంది. పిల్లలకి అర్థమయ్యేలా ఒక పేజీ రాయడానికి నేను సిద్ధం, ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా.

ఈ ఉత్తరం చదివేవాళ్ళలో మా ట్రయల్ నడిపేవాళ్ళు కూడా ఉంటారు. మీ మీద నాకు గౌరవం ఉంది. మీరు కూడా గ్రాంట్ తేదీల మధ్య నలిగిపోతున్నారని తెలుసు. మిగిలిన పదకొండు మంది గురించి పేర్లు లేకుండా, అధ్యయనం నంబర్లతోనే, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ రాసి పెట్టాను. వాటిలో స్కోర్లు లేవు. ఎవరు ఏ గుంపో లేదు, అది నాకూ తెలియదు. ఉన్నవి ఇలాంటివి: ఎదురుగా కూర్చోవద్దు, పక్కన కూర్చోండి. వాక్యాలు మీరే చదివి వినిపించండి, చదవడం రాదని ఒప్పుకోవడానికి సిగ్గు. ఏడు దాటాక ఫోన్. మొదటి పావుగంట ఏమీ అడగొద్దు, బొమ్మ గీసుకోనివ్వండి. పెన్సిల్‌తో పాటు రబ్బరు తప్పకుండా ఇవ్వండి. ఇంకో పేజీలో ఒకటే వాక్యం ఉంది: చివర్లో "మళ్ళీ వస్తారా" అని అడుగుతాడు, అబద్ధం చెప్పొద్దు.

నెలాఖరు లోపు ఈ పదకొండు కాగితాలు ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పండి. ఆ మనిషి ఎవరో తెలిస్తే, నా చివరి వారంలో ఆమెనో అతన్నో వెంటబెట్టుకుని ఒక్కో కుటుంబానికీ పరిచయం చేసి వస్తాను.

ఇట్లు,
మీ ట్రయల్‌లో ప్రశ్నలు అడిగే
ఒక రీసెర్చ్ అసిస్టెంట్